ట్రస్టు వాళ్లది, కోత మనది

మా చిన్నమ్మకి ట్రస్టీ అంటే ఎవరో తెలియదు. గుడికి ధర్మకర్త ఉంటాడని తెలుసు. ఆ గుడి గడప ఆమెని తొక్కనివ్వలేదు కాబట్టి బాగానే తెలుసు. తన పింఛను డబ్బుకి కూడా ఢిల్లీలో ధర్మకర్తలున్నారని, వాళ్లు తన మేలు కోరి తన సొమ్ముని కాపాడాలని చట్టంలో రాసి ఉందని నేను చెబితే, నోట్లో పెట్టుకోబోయిన ఆకు పక్కన పెట్టి నవ్వింది. "మరి కాపాడారంటరా అబ్బాయా?" అంది.

ఆ ప్రశ్న పట్టుకునే ఇది రాస్తున్నాను.

మా చిన్నమ్మ ఒక మునిసిపాలిటీలో కాంట్రాక్టు కింద రోడ్లు ఊడ్చింది. పొద్దున నాలుగింటికి చీపురు పట్టుకుంటే పది దాకా దించేది కాదు. మునిసిపాలిటీల్లో పింఛను లేని పనివాళ్లకి కూడా పీఎఫ్ చట్టం వర్తిస్తుందని 2011 జనవరిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏప్రిల్ నుంచి ఆమె కూలిలో కోత మొదలైంది. 2024 మార్చిలో యాభై ఎనిమిదేళ్లు నిండాయని ఇంటికి పంపారు. అంటే పదమూడేళ్లు. ఈపీఎస్ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు చాలు. తొమ్మిదిన్నరేళ్లున్నా పదేళ్ల కిందే లెక్క.

పీఎఫ్ ఆఫీసుకి నేనే తీసుకుపోయాను. కంప్యూటర్లో చూసి గుమాస్తా చెప్పిన లెక్క ఆరేళ్ల తొమ్మిది నెలలు. మిగిలింది ఎక్కడ పోయింది? 2013 నుంచి నాలుగేళ్ల ఐదు నెలల పాటు పనిచేయించుకున్న రెండో కాంట్రాక్టరు కోత కోశాడు, పైసా కట్టలేదు. తన వాటా, అంటే యజమాని కట్టాల్సింది కూడా ఆమె కూలిలోంచే లాగాడు. మూడో కాంట్రాక్టరు కట్టాడు గానీ కొత్త నంబరు తీసుకుని, పేరు ఒక రకంగా, పుట్టిన తేదీ ఇంకో రకంగా రాయించాడు. ఆ ఏడాది పది నెలలు ఎవరి ఖాతాకీ అతకని ముక్కగా పడి ఉంది. ఆ ముక్కని అతికించినా ఎనిమిదేళ్ల ఏడు నెలలే అవుతుంది. పింఛను రాదు. ఒక్కసారి చేతిలో పెట్టే కాస్త సొమ్ముతో సరి. "ఏమ్మా, ఇన్నాళ్లూ చూసుకోలేదా?" అన్నాడు గుమాస్తా. అక్షరం రాని మనిషి, నెట్లో పాసుబుక్కు తెరిచి నెలనెలా చూసుకోవాలంట!

కూలీ డబ్బు కోసి కట్టకపోవడం చిన్న తప్పేమీ కాదు. పాత భారత శిక్షాస్మృతి 405వ సెక్షన్‌కి ఒక వివరణ ఉండేది. పీఎఫ్ కోసం కూలిలోంచి కోసుకున్న యజమాని ఆ సొమ్ముని నమ్మకంగా అప్పగించుకున్నట్టే, కట్టకపోతే విశ్వాసఘాతుకం చేసినట్టే అని. 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితలో 316వ సెక్షన్ కిందా అదే మాట ఉంది. అసలు యజమాని బాధ్యత కూడా చట్టంలోనే ఉంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న మునిసిపాలిటీ కట్టి, ఆ డబ్బు కాంట్రాక్టరు బిల్లులోంచి రాబట్టుకోవాలి. ఇంత చట్టం ఉండగా మా చిన్నమ్మ పదమూడేళ్లు ఆరేళ్ల తొమ్మిది నెలలుగా ఎలా కుంచించుకుపోయాయి?

ఇక్కడికి వస్తారు ట్రస్టీలు.

1952 పీఎఫ్ చట్టంలో 5ఎ సెక్షన్ కింద కేంద్ర ధర్మకర్తల మండలి ఉంది. కేంద్ర కార్మిక మంత్రి దాని అధ్యక్షుడు. ఒక ఉపాధ్యక్షుడు, కేంద్రం తరఫున ఐదుగురు అధికారులు, రాష్ట్రాల తరఫున పదిహేను మంది, యజమానుల తరఫున పదిమంది, పనివాళ్ల తరఫున పదిమంది, పీఎఫ్ కమిషనరు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ మండలి రూపు ఇంచుమించు ఇదే. పనివాళ్ల తరఫు పదిమందిని పనివాళ్లు ఎన్నుకోరు. కేంద్రం గుర్తించిన సంఘాలని అడిగి కేంద్రమే వేస్తుంది. ఆ పది కుర్చీల్లో ఒకటైనా ఎస్సీలకనో ఎస్టీలకనో చట్టంలో లేదు. కాంట్రాక్టు కూలీలకని లేదు. ఊడ్చేవాళ్లు, డ్రైనేజీలో దిగేవాళ్లు, చెత్త బండి తోసేవాళ్లు కోట్ల రూపాయలు పోసే కుండకి మూత తీసే చెయ్యి మాత్రం వాళ్లది కాదు. పంచాయతీ వార్డు మెంబరుకి రిజర్వేషన్ ఉంది. ఇన్ని కోట్ల మంది కూలి కోత మీద కూర్చునే మండలికి లేదు. అడిగితే, "డబ్బుకి కులమేంటండీ" అంటారు. డబ్బుకి లేదు సరే, కోతకి ఉంది. కోత ఎక్కువ పడేది ఎవరి కూలి మీదో ఏ మునిసిపాలిటీ హాజరు పట్టీ తీసి చూసినా తెలుస్తుంది. ఆ పట్టీలో మాల, మాదిగ, రెల్లి ఇళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కేసి చూడండి.

ఈ మధ్య ఈ చట్టాల్లో వచ్చిన మార్పులు ఒక్కొక్కటే విప్పి చూద్దాం. పత్రికల్లో 'సంస్కరణ' అని రాశారు. ఎవరికి సంస్కరణో తేలాలి.

మొదటిది ఆలస్యానికి వేసే జరిమానా. పాత నిబంధన కింద యజమాని కట్టడం ఎంత ఆలస్యం చేస్తే జరిమానా అంత పెరిగేది. రెండు నెలల లోపైతే ఏడాదికి 5 శాతం, ఆరు నెలలు దాటితే 25 శాతం. యజమాని మనసులో దురుద్దేశం ఉందా లేదా అని చూడాల్సిన పని లేదు, కట్టలేదంటే జరిమానా పడాల్సిందే అని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. కూలీలకి ఇది మంచి తీర్పు. రెండున్నరేళ్లు తిరక్కుండా, 2024 జూన్‌లో కేంద్రం ఆ జరిమానాని నెలకి 1 శాతానికి దించేసింది. ఎంత ఆలస్యమైనా అదే రేటు. ఏడాదికి 12 శాతం. మా వాడలో ఆడవాళ్లు మైక్రో ఫైనాన్సు వాళ్ల దగ్గర తెచ్చే అప్పుకి కట్టే వడ్డీ ఇంతకంటే ఎక్కువ. అంటే మా చిన్నమ్మ కూలి కాంట్రాక్టరుకి చౌక అప్పు. పూచీకత్తు అక్కర్లేదు, బ్యాంకు మేనేజరుని బతిమాలుకోవక్కర్లేదు.

రెండోది కాలపరిమితి. ఇదే అన్నిటికంటే ఘోరం, దీని గురించి మన పత్రికల్లోనే సరిగ్గా రాలేదు. పాత చట్టంలో 7ఎ విచారణకి ఇన్నేళ్ల లోపే అనే గీత లేదు. పదేళ్ల కింద ఎగ్గొట్టినా అధికారి తలుచుకుంటే లెక్క తీయొచ్చు. 2025 నవంబర్ 21న అమలులోకి తెచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో, వివాదం పుట్టిన ఐదేళ్ల తర్వాత విచారణ మొదలుపెట్టడానికి వీల్లేదని రాశారు. కేసులు ఏళ్ల తరబడి నానకుండా ఇది మేలట. యజమానికి మేలే! పనిలో ఉన్నన్నాళ్లూ కూలీ నోరెత్తడు. ఎత్తితే మర్నాడు మేస్త్రీ హాజరు వెయ్యడు. టెండరు మారినప్పుడు పేరు తీసేస్తారన్న భయం. ఎగ్గొట్టిన సంగతి బయటపడేది పనిలోంచి దించేశాక, పింఛను కాగితం పెట్టినప్పుడు. అప్పటికి ఐదేళ్లు ఎప్పుడో దాటిపోతాయి. మా చిన్నమ్మ సొమ్ము ఎగ్గొట్టింది 2013కీ 2017కీ మధ్య. వివాదం పుట్టింది ఎప్పుడు? కాంట్రాక్టరు కట్టని నాడా, ఆమెకి తెలిసిన నాడా? యజమానుల వకీళ్లు ఏ తేదీ పట్టుకుంటారో చెప్పక్కర్లేదు. ఆ గీతకి అవతల మన వాడలు వాడలే పడిపోతాయి.

మూడోది అప్పీలు. బాకీ తేల్చాక యజమాని అప్పీలుకి పోవాలంటే పాత చట్టంలో 75 శాతం ముందు కట్టాలి, ట్రిబ్యునల్ కావాలంటే తగ్గించొచ్చు. కోడ్‌లో అది 25 శాతం. జైలు శిక్ష పుస్తకంలో అలాగే ఉంది, కోత కోసి కట్టకపోతే ఏడాది నుంచి మూడేళ్లు. జుర్మానా పెంచారు కూడా. కానీ కేసు పెట్టే ముందు యజమానికి ముప్పై రోజుల గడువిచ్చి, ఆ లోపు కట్టేస్తే కేసు లేదన్నారు. బస్టాండులో జేబు కొట్టినవాడికి ఈ ముప్పై రోజులు ఇస్తారా? వాడిది మన వాడ అయితే ముప్పై నిమిషాలు కూడా ఇవ్వరు.

నాలుగోది ట్రస్టీలే స్వయంగా చేసింది. 2025 అక్టోబర్ 13న జరిగిన 238వ సమావేశంలో డబ్బు తీసుకునే నిబంధనలు మార్చారు. ఖాతాలో పావు వంతు ఎప్పుడూ ఉండాలన్నారు. పని పోయాక మొత్తం లెక్క తేల్చుకోవడానికి ఇన్నాళ్లూ రెండు నెలలు ఆగితే సరిపోయేది, ఇప్పుడు పన్నెండు నెలలు. పింఛను ఖాతా సొమ్ము తీసుకోడానికి రెండు నెలల బదులు ముప్పై ఆరు నెలలు. ముప్పావు వంతు వెంటనే ఇస్తున్నాం కదా, ముసలితనానికి మిగలాలి కదా అని వాళ్ల వాదన. మంచి మాటే, జీతం ఆగని వాళ్లకి. రెండు టెండర్ల మధ్య నాలుగు నెలలు ఇంట్లో కూర్చునే కాంట్రాక్టు కూలీకి, నీ డబ్బు నీ మంచికే తాళం వేశాం అని చెప్పే హక్కు ఆ గదిలో కూర్చున్న ఎవరికుంది? ఆ గదిలో ఒక్క పారిశుద్ధ్య కార్మికురాలుంటే ఈ మాట నోటి దాకా వచ్చేదా?

కోర్టులు కొంత మేలు చెయ్యలేదా అంటే చేశాయి. 2019 ఫిబ్రవరిలో, అందరికీ ఒకే రకంగా ఇచ్చే అలవెన్సులని మూలవేతనంలోంచి విడదీసి పీఎఫ్ ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 నవంబర్ 4 తీర్పు సంగతి అందరికీ తెలుసు. 15,000 పరిమితి దాటిన జీతం మీద పింఛను కోరుకునే వాళ్లకి ఇంకో నాలుగు నెలలు గడువిచ్చింది. సొంత ట్రస్టులున్న కంపెనీల ఉద్యోగులకీ అది వర్తిస్తుందంది. దాని మీద సంఘాలు కదిలాయి, సభలు పెట్టాయి, సీనియర్ వకీళ్లని పెట్టాయి, లక్షల దరఖాస్తులు పడ్డాయి. తప్పు అనను. పోరాడి తెచ్చుకున్న హక్కు. కానీ అది పెద్ద జీతం మీద పెద్ద పింఛను కోసం. అదే ఈపీఎస్‌లో అట్టడుగున కనీస పింఛను 2014 సెప్టెంబర్‌లో 1,000 రూపాయలు చేశారు. అంతకు ముందు ఏడాదే, 2013లో, కోషియారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 3,000 ఇవ్వాలి, దానికి కరువు భత్యం కలపాలి అని సిఫారసు చేసింది. పదేళ్లు దాటినా వెయ్యి వెయ్యిగానే కూర్చుంది. ఆంధ్రలో 2024 నుంచి ఏమీ కట్టని ముసలివాళ్లకి రాష్ట్రం ఇచ్చే పింఛను 4,000. అది ఇవ్వాల్సిందే, చాలదు కూడా. కానీ పదేళ్లు కూలి కోయించుకున్న మనిషికి అందులో పావు వంతు ఇచ్చే ట్రస్టుని ట్రస్టని ఎలా పిలవాలి?

సొంత ట్రస్టుల సంగతి కూడా ఒక మాట. 17వ సెక్షన్ కింద మినహాయింపు తెచ్చుకున్న కంపెనీలు పీఎఫ్‌ని తామే నడుపుతాయి. అక్కడ యజమాని మనుషులు, ఉద్యోగుల మనుషులు సమానంగా ట్రస్టీలు. ట్రస్టుకి నష్టం వస్తే కంపెనీ పూడ్చాలని షరతు. ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల ట్రస్టు అయితే డీహెచ్ఎఫ్ఎల్ అనే ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో 4,000 కోట్లకు పైగా పెట్టింది. కంపెనీ మునిగింది. 2,200 కోట్లకు పైగా ఇరుక్కుపోయింది. 2019 నవంబర్‌లో గుట్టు బయటపడింది, అధికారులు అరెస్టయ్యారు, ఉద్యోగులు పని ఆపారు, ప్రభుత్వం పూచీ పడింది. ఎందుకు పడింది? కరెంటు ఆగితే లక్నో చీకటైపోతుంది. ఊడ్చేవాళ్లు ఆగితే ఊరు కంపు కొడుతుంది, కానీ మర్నాడు ఇంకో వాడ నుంచి ఇంకో పదిమందిని లారీ ఎక్కించి తెస్తారు. పర్మినెంటుకీ కాంట్రాక్టుకీ తేడా అదే. పర్మినెంటు ఎవరు, కాంట్రాక్టు ఎవరు అన్న దాంట్లో కులం ఎంతుందో యూనియన్ ఆఫీసుల్లో ఎవరూ లెక్క తియ్యరు.

1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ ఇదే చెప్పాడు. పనివాడికి శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అని. అప్పట్లో బొంబాయి మిల్లుల్లో కూలి ఎక్కువ వచ్చే నేత శాఖలోకి అంటరానివాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. ఆ సంగతి ఎత్తితే కార్మిక ఐక్యత చెడిపోతుందని ఎర్రజెండా వాళ్లు కోప్పడ్డారు. ఇప్పుడు ఢిల్లీలో పది కుర్చీల దగ్గరా అదే ఐక్యత. మన సంఘాల వాళ్లలో చిత్తశుద్ధి ఉన్నవాళ్లు నాకూ తెలుసు, కలిసి ధర్నాలు చేసినవాళ్లే. వాళ్లని అడుగుతున్నాను: మీ పదిమందిలో మా వాళ్లు ఎందరు? ఎప్పుడైనా లెక్కేశారా?

నన్ను నేను వదిలేసి మాట్లాడటం లేదు. నేను 2004 సెప్టెంబర్ 1 తర్వాత ఉద్యోగంలోకి వచ్చిన టీచర్ని, సీపీఎస్ వాణ్ణి. ఏటా సెప్టెంబర్ 1న నల్ల బ్యాడ్జీ పెట్టుకుని పాత పింఛను కావాలని ఊరేగింపులో నడుస్తాను. నా పదిశాతం కోత షేర్ మార్కెట్లో ఏమవుతుందో, దాని ట్రస్టీలు ఎవరో ఏ సమావేశంలోనూ నన్నడగలేదని గొంతు చించుకుంటాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ డిగ్రీ ఫీజులో చిన్నమ్మ ఊడ్చిన డబ్బు ఉంది. మా బడిలో మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకి నెలకి 6,000 ఇస్తారు. పీఎఫ్ లేదు, ఏ ట్రస్టూ లేదు. ఇన్నేళ్ల ఊరేగింపుల్లో ఆమె పింఛను కోసం నేను ఒక్క నినాదం ఇవ్వలేదు. ఆమె ఆ రోజు కూడా బడికి వచ్చి మా స్టాఫ్ రూము ఊడ్చింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

అడగాల్సింది అడుగుదాం. కేంద్ర మండలిలో, ప్రతి కంపెనీ ట్రస్టులో పనివాళ్ల కుర్చీల్లో ఎస్సీ ఎస్టీలకి, కాంట్రాక్టు పనివాళ్లకి వాటా రాయాలి. కోత కోసినట్టు జీతం చీటీ ఉంటే చాలు, కాంట్రాక్టరు కట్టినా కట్టకపోయినా ఆ నెలలు సర్వీసులో వెయ్యాలి. రాబట్టుకోవడం ట్రస్టీల పని, కూలీ పని కాదు. అందుకే కదా ట్రస్టీలయ్యింది! కూలిలోంచి కోసిన సొమ్ముకి ఐదేళ్ల గీత ఉండకూడదు. పేరుపేరునా పీఎఫ్ చలానా చూపనిదే కాంట్రాక్టరు బిల్లు మీద కమిషనరు సంతకం పెట్టకూడదు. ఈ చివరిదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మునిసిపల్ కమిషనరుకి వెన్నెముక ఉంటే రేపటి నుంచే చెయ్యొచ్చు.

చిన్నమ్మ తరఫున మేం దరఖాస్తు వేశాం. రెండో కాంట్రాక్టరు హయాంలో మేస్త్రీ ఇచ్చిన చీటీలు పదకొండు ఆమె ట్రంకు పెట్టెలో పెళ్లి చీర మడతలో దొరికాయి. ఒక్కోదాని మీద 'పి.ఎఫ్.' అని రాసి 996 రూపాయలు కోత వేసి ఉంది. చదవడం రాకపోయినా ఎందుకు దాచావు చిన్నమ్మా అంటే, "డబ్బు కోసిన కాయితం పారేస్తారంటరా?" అంది. లెక్కేస్తే, పదమూడేళ్లూ సర్వీసులో పడితే నెలకి రెండు వేల పైచిలుకు వస్తుంది. పదకొండు చీటీలకి పదకొండు నెలలు. మిగతా నలభై రెండు నెలలకి మునిసిపాలిటీ హాజరు పట్టీ, జీతాల బిల్లు ఇవ్వమని సమాచార హక్కు కింద అడిగాం. పాత రికార్డు చెదలు పట్టిందని నోటిమాటగా చెప్పారు. రాసిమ్మని అడిగాం, ఇంకా ఇవ్వలేదు.

మీ ఇళ్లలో, మీ అమ్మల పెట్టెల్లో, చూరు కింద గూళ్లలో ఇలాంటి చీటీలు ఉంటాయి. పారెయ్యకండి. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఎన్ని పీఎఫ్ నంబర్లుంటే అన్నీ పట్టుకుని ఆదివారం పొద్దున మన సంఘం ఆఫీసుకి రండి. నేనూ ఇంకో ఇద్దరు టీచర్లం పది నుంచి ఒంటిగంట దాకా ఉంటాం. దరఖాస్తులు మేం రాస్తాం. పని మానుకుని రావక్కర్లేదు, ఊడ్చి దిగాక రండి.

జై భీమ్.